టపాలో నడచిన నక్షత్ర సామ్రాజ్యములు

ఆట యనగానే మనకు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుష్యులు కన్నులకు గట్టుదురు. అరుగుమీద సుద్దతో గీచిన పులిజూదము గాని, శివరాత్రి జాగరణమునకు పరచిన వైకుంఠపాళి గాని, చదరంగపు బల్ల గాని, అన్నిటియందును ఎదుటివాని ముఖము చూచుచు ఆడుటయే మన వాడుక. వాని కనుబొమ ముడివడుటయు, చేయి తడబడుటయు ఆటలో భాగములే. కాని ఒకరి ముఖమొకరు చూడని పదునైదుగురు, ఎవరి యింట వారుండి, నెలల తరబడి నక్షత్రలోకములను గెలుచుచు, పోగొట్టుకొనుచు ఆడెడి ఆట యొకటి ఇరువదవ శతాబ్దమున అమెరికాలో పుట్టినది. దానికి కావలసినవి కాగితము, తపాలా బిళ్ల, ఓర్పు. వీనికంటె అరుదైనది మరియొకటి కూడ కావలెను. అది పక్షపాతమెరుగని మధ్యస్థుడు. ఈ ప్రసంగము ఆ ఆటను గూర్చియు, ముఖ్యముగా ఆ మధ్యస్థుని గూర్చియు.

ఉత్తరములతో చదరంగమాడుట పాత ముచ్చటయే. 1824లో స్కాట్లండులోని ఎడింబరో చదరంగ సంఘమునకును, లండను సంఘమునకును పోటీ ప్రారంభమైనది. ఒక్కొక్క ఎత్తును ఉత్తరమున వ్రాసి పంపవలెను. ఆ ఉత్తరము గుఱ్ఱపు టపాబండిలో పోయి, బదులు వచ్చువరకు కాచుకొనవలెను. అయిదు ఆటలు ముగియుసరికి 1828వ సంవత్సరము వచ్చెను. ఎడింబరోవారు గెలిచిరి. ఆ నడుమ ఒక చిక్కు వచ్చినది. లండనువారు ఒక ఎత్తును టపాలో వేసిన పిమ్మట దానిని వెనుకకు తీసికొందుమని కోరిరి. ఎడింబరోవారు సమ్మతింపలేదు. దూరమునుండి ఆడు ఆటలలో మొదటి ధర్మమిట్లు స్థిరపడెను: టపాలో పడిన అక్షరము చేయిదాటిన బాణము వంటిది.

చదరంగములో ఇట్టి తగవులున్నను మూడవవాని అవసరము అంతగా లేదు. బల్లమీద దాగినదేదియు లేదు గదా! ఒకడు ఆడిన పిదప రెండవవాడు ఆడును. ఇరువురి యిండ్లలోను అవే పావులు, అవే గళ్లు. పలువురు ఒకే క్షణమున, ఒకరి కొకరు తెలియకుండ ఎత్తు వేయవలసివచ్చినపుడే కథ మారినది.

అట్టి ఆటను సృష్టించినవాడు అలన్ కాల్హామర్ అను అమెరికను. దాని పేరు డిప్లొమసీ. అతడు దానిని 1959లో తన సొంత ఖర్చుతో అచ్చు వేయించెను. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందున్న ఐరోపాపటము దాని బల్ల. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, రష్యా, టర్కీ అను ఏడు రాజ్యములను ఏడుగురు ఏలుదురు. పాచికలు లేవు. మొదట ఒకరితో నొకరు మంతనములాడుకొని, ఒప్పందములు చేసికొని, తరువాత ఎవరి ఆజ్ఞలను వారు గుప్తముగా వ్రాయుదురు. అందరి చీట్లను ఒక్కసారి విప్పుదురు. మాట నిలుపుకొన్నవాడెవడో, తప్పినవాడెవడో అప్పుడు బయటపడును. ఈ ఆట కొలదికాలములోనే ఉత్తరములమీద నడచుటకు ప్రసిద్ధికెక్కినది. దానిని కల్పించిన కాల్హామరు తరువాతి కాలమున పోస్టుమానుగా ఉద్యోగము చేసెను. ఇది కాకతాళీయమే యైనను చెప్పుకొనదగిన ముచ్చట.

ఏడుగురును ఏడు ఊళ్లలో నున్నచో చీట్లను ఒక్కసారి విప్పుట యెట్లు? ముందుగా వచ్చిన చీటీని చదివినవాడు తన చీటీని మార్చుకొనడా? 1963లో న్యూయార్కు నగరమునందలి జాన్ బోర్డ్‌మన్ దీనికి మార్గము చూపెను. అతడు గ్రౌస్టార్క్ అను చిన్నపత్రికను వెలువరించుచు, డిప్లొమసీ ఆటను టపాలో నడపెను. ఆజ్ఞలన్నియు అతనికే చేరును. గడువు ముగిసిన పిదప ఫలితము పత్రికలో అచ్చగును. ఈ విధముగా ఆటలో రాజ్యము లేని ఒక వ్యక్తి ప్రవేశించెను. ఆటగాడు కాకున్నను అతడు లేక ఆట లేదు.

మధ్యస్థుడు నిష్పక్షపాతి కాకున్న ఏమగునో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. హస్తినాపుర సభలో పందెమొడ్డినది దుర్యోధనుడు. పాచికలు వేసినది అతని మేనమామ. సభాపతి అతని తండ్రి. పెద్దలు తల వంచుకొనిరి. ధర్మరాజు ఓడినది పాచికలకంటె ఆ సభాస్థితికే యనవచ్చును. ఎదుట నిలిచి కన్నులార చూచుచుండగనే అంత అన్యాయము జరిగినచో, వందల మైళ్ల యవతల, మూసిన తలుపుల వెనుక చీట్లు విప్పువానిపై ఎంత నమ్మకముండవలెనో ఊహింపుడు.

డిప్లొమసీలో సేనలు ఎక్కడెక్కడ నున్నవో అందరికి తెలియును. గుప్తమైనవి ఆజ్ఞలు మాత్రమే. 1970లో రిక్ లూమిస్ అను యువకుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. అప్పుడతడు అమెరికా సైన్యమున చేరి హవాయి దీవులలో నుండెను. అతడు కల్పించిన న్యూక్లియర్ డిస్ట్రక్షన్ అను ఆటలో ఎవరికెన్ని క్షిపణులున్నవో, ఎన్ని కర్మాగారములున్నవో పొరుగువానికి తెలియదు. సంపూర్ణముగా తెలిసినవాడు మధ్యస్థుడొక్కడే. ఆటగాండ్రు పెరిగినకొలది చేతితో లెక్కలు వేయుట కష్టమయ్యెను. అందుచే లూమిస్ ఆ పనిని కంప్యూటరునకు అప్పగించెను. 1972లో స్టీవ్ మక్‌గ్రెగరుతో కలిసి ఫ్లయింగ్ బఫెలో అను సంస్థను నెలకొల్పెను. యంత్రమునకు స్నేహితులు లేరు, బంధువులు లేరు, అలసట లేదు. అయినను యంత్రములో చీటీని పెట్టువాడు మనిషియే. సందేహము వచ్చినపుడు తీర్పు చెప్పువాడును మనిషియే. కావున నమ్మకము యంత్రముపై కొంత, మనిషిపై కొంత నిలిచెను.

ఆ సంస్థ 1976లో నడపనారంభించిన స్టార్‌వెబ్ ఈ జాతి ఆటలలో మిక్కిలి పేరు పొందినది. అందు పదునైదుగురు ఆటగాండ్రు, 255 లోకములు. ఆ లోకములు సాలెగూడు దారములవలె మార్గములతో కలుపబడియుండును. ప్రతివాడును ఒక్క స్వలోకముతో ఆరంభించును. తన లోకములలోను, తన నౌకాదళములున్న చోటులలోను జరిగినది మాత్రమే అతనికి నివేదికలో తెలియును. తక్కినదంతయు చీకటి.

ఆటగాడు మొదటనే ఆరు వృత్తులలో ఒకదానిని ఎన్నుకొనవలెను. సామ్రాజ్యనిర్మాత గనులను, పరిశ్రమలను, ప్రజలను పెంచి గుణములు సంపాదించును. వర్తకుడు లోహమును లోకములకు చేరవేసి, ఓడదొంగ దోచుకొని, పురావస్తు సంగ్రాహకుడు ప్రాచీన వస్తువులను కూర్చి, మతప్రచారకుడు ప్రజలను తన మతమునకు త్రిప్పి గుణములు పొందుదురు. ఆరవది బెర్సర్కర్ అను యంత్రరాక్షసి. ప్రాణుల నాశనమే దాని గుణము. ఈ చివరి కల్పన ఫ్రెడ్ సేబర్‌హేగన్ అను రచయిత కథలనుండి ఆయన అనుమతితో గైకొన్నది. ఆయన తిరిగి ఈ ఆటనే ఆధారముగా తీసికొని 1981లో ఆక్టగన్ అను నవలను వ్రాసెను. కథనుండి ఆట, ఆటనుండి కథ పుట్టినవి.

ఈ ఆరు వృత్తులలోని చమత్కారమును గమనింపుడు. సామ్రాజ్యనిర్మాతకు ప్రజలు కావలెను. యంత్రరాక్షసికి వారు చావవలెను. కాని వర్తకునికిని, సంగ్రాహకునికిని సహజ వైరమేమియు లేదు. ఒకనికి పనికిరానిది మరియొకనికి నిధి. కావున పొరుగువాడెవడో తెలిసికొనుట యుద్ధముకంటె ముఖ్యము. ఎన్ని గుణములు వచ్చినపుడు ఆట ముగియునో ముందుగనే నిర్ణయమై యుండును గాని ఆటగాండ్రకు చెప్పరు. చివరి దఫా ఇదియే యని తెలిసినచో స్నేహితుని వెన్నుపోటు పొడుచుటకు చాలమంది వెనుదీయరు. అది తెలియనందున రేపటి సంబంధమునుకూడ ఆలోచింపవలసివచ్చును.

1971లో అమెరికను ఇంజనీరు రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు వల ద్వారా సందేశమును పంపెను. ఆ ఈ-మెయిలు సామాన్యుల యిండ్లకు వచ్చుటకు రెండు దశాబ్దములు పట్టెను. వచ్చిన పిమ్మట ఈ ఆటలు కవరును విడిచి దానిని పట్టుకొనెను. 1992లో టిమ్ విస్సెమన్ రచించిన వీ.జీ.ఏ. ప్లానెట్స్ అందులో ప్రఖ్యాతము. పదునొకండు జాతులు, అయిదువందల గ్రహములు. ఆటగాడు తన యింటి కంప్యూటరులో పటమును చూచి, ఆజ్ఞలను ఒక ఫైలుగా కూర్చి మధ్యస్థునికి పంపును. మధ్యస్థుడు అందరి ఫైళ్లను హోస్టు అను ప్రోగ్రామునకు అందించును. అది నిర్ణీత క్రమములో నౌకలను కదల్చి, యుద్ధములు తీర్చి, ఎవరికి తెలియవలసినది వారికి మాత్రము వేరు ఫైలుగా ఇచ్చును. వారముల ప్రయాణము నిమిషములకు తగ్గెను. ఆలోచనకు కావలసిన కాలము మాత్రము తగ్గలేదు.

క్రొత్తగా చేరువాడు ఎట్లు ఆరంభింపవలెను? వీ.జీ.ఏ. ప్లానెట్స్ వంటి ఆటలో క్రొత్తవాడు సాధారణముగా మొదటి దఫాలోనే గొప్ప యుద్ధనౌకను కట్టబూనును. అనుభవజ్ఞుడు పెద్ద సరకునౌకను కట్టును. దానిలో వలసజనమును ఎక్కించి, చుట్టుప్రక్కల గ్రహములమీద కొద్దికొద్దిగా దింపును. గ్రహములు పెరిగిననే పన్నులు, గనులు పెరుగును. గనులలో దొరకు నాలుగు పదార్థములలో న్యూట్రోనియమే ఇంధనము. అది లేని గ్రహమునకు చాలినంత ఇంధనము లేక పోయిన నౌక అచ్చటనే నిలిచిపోవును. శత్రువు కొట్టకయే దళము నశించును. ఈ తప్పు చేయని క్రొత్తవాడు అరుదు. పోవుటకు ముందు తిరిగివచ్చుటకు కావలసినది లెక్కించుకొనుట సంసారికి తెలిసిన నీతియే.

రెండవ పని ఉత్తరము వ్రాయుట. మొదటి పొరుగువాడు కనబడినంతనే, ఎంత చిన్న సందేశమైనను మర్యాదగా పంపవలెను. పలుకని పొరుగువానిని జనులు శత్రువుగనే యెంచుదురు. ఇద్దరి నడుమ సరిహద్దు ఎక్కడనో మొదటనే తేల్చుకొన్నచో, రెండువైపుల కాపలాకు పెట్టు వ్యయము తగ్గును. ఇచ్చిన మాటకు నకలు ఉంచుకొనవలెను. పంపిన ఆజ్ఞలకు కూడ నకలు ఉంచుకొనవలెను. తరువాత తగవు వచ్చినపుడు జ్ఞాపకశక్తి సాక్ష్యమునకు చాలదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. గడువు తప్పరాదు. ఒక్కడు ఆజ్ఞలు పంపనిచో అతని దళములు నిలిచినచోటనే నిలుచును. దానివలన అతనికి కలుగు నష్టము కొంతయే. అతని పొరుగువానికి శ్రమలేని రాజ్యము దొరకును. అతనిని నమ్మి సేన పంపిన మిత్రుడు ఒంటరియగును. దూరముననున్న వారికి తూకము తప్పిన లోకము మిగులును. పలువురు నెలల తరబడి కట్టిన ఆట, ఒక్కని సోమరితనముచే చెడిపోవచ్చును. ఓడిపోవుచున్నవాడు చెప్పక మానివేయుట ఈ ఆటలకు పట్టిన పెద్ద రోగము. గెలుచువాడు ఎట్లును ఆడును. ఓడుచు కూడ సమయమునకు ఆజ్ఞలు పంపువాడే ఆటను నిలుపువాడు.

ఇక మధ్యస్థుని మాట. ఇద్దరు శత్రువుల పన్నాగములు ఒకే మేజామీద అతని ముందుండును. ఒకడు తెలియక తన దళమును నాశనమునకు పంపుచున్నాడు. అతడు మంచివాడు, క్రొత్తవాడు. ఒక్క మాట చెప్పిన చాలును. ఆ మాట చెప్పినచో ఎదుటివాడు నెలలనుండి ఓపికతో పన్నిన వల వ్యర్థమగును. చెప్పకుండుటయే అతని ధర్మము. నియమమేమని అడిగినచో అందరికి ఒక్కటే బదులు ఇవ్వవలెను. తన తప్పుచే ఎవరికైన నష్టము కలిగిన దాచక ఒప్పుకొనవలెను. గెలుపులో అతనికి పాలు లేదు. పేరు కూడ అంతగా రాదు. అతడు చేసినది మంచిపని యని తెలియుటకు గుర్తు, అతనిని ఎవరును తలంపకుండుటయే.

రిక్ లూమిస్ 2019లో దివంగతుడయ్యెను. టపాబండి పోయి ఈ-మెయిలు వచ్చినను, అతడు నేర్పిన మూల విషయము మారలేదు. ముఖమెరుగని మనుష్యులు, శిక్షించు అధికారమెవరికిని లేకున్నను, వ్రాసిన మాటకు కట్టుబడి, ఒక మధ్యస్థుని నమ్మి, కలిసి ఒక లోకమును నడుపగలరని ఈ ఆటలు ఋజువు చేసెను. ఆ లోకములలోని నక్షత్రములు కల్పితములు. గడువునాటి రాత్రి, ఓడుచున్న ఆటకై ఆజ్ఞలు వ్రాయుటకు కూర్చున్న మనిషి నిజాయితీ మాత్రము కల్పితము కాదు.