తిలంగా ఇంటివారు

హిందీ నిఘంటువు తెరిస్తే ‘తిలంగా’ అన్న మాటకు సిపాయి అనే అర్థం కనిపిస్తుంది. 1756 చివర రాబర్టు క్లైవు మద్రాసు నుండి ఓడలలో బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిలలో తెలుగువారు ఉండటం చేత, ఆంగ్లేయ పద్ధతిలో కవాతు నేర్చి ఎర్రకోటు తొడిగిన ప్రతి సిపాయికీ ఆ దేశంలో అదే పేరు స్థిరపడింది. నూరేండ్ల తరువాత, 1857లో తిరుగబడిన సిపాయిలు అవధు, భోజపురి సీమలవారే అయినా ఢిల్లీ జనం వారిని తిలంగాలనే అన్నారు. మన జాతి పేరు పరాయి సీమలో ఒక వృత్తికి పేరైంది. నిఘంటుకారుని పని అంతటితో ముగుస్తుంది. కాని ఆ తిలంగా ఇంట్లో వెనుక ఉండిపోయిన తల్లి మాటేమిటి? కొడుకు సిపాయిగా తయారయ్యే ఆ మొదటి నెలలలో ఆమెకు తెలిసినదెంత, తెలియనిదెంత? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది.

కంపెనీవారి మద్రాసు సైన్యంలో ఈ ఎదురుచూపు అంతగా లేదు. సిపాయి కుటుంబం పటాలంతోనే ఉండేది. దండు పక్కనే ‘లైన్లు’ అనబడే గుడిసెల వరుసలు. అందులో భార్యాబిడ్డలు, ఒక్కోసారి ముసలి తల్లిదండ్రులు. పటాలం ఊరు మారితే సామాను బండ్ల వెనుక కుటుంబాలూ నడిచేవి. సిపాయిల కొడుకులను చిన్నతనంలోనే ‘రిక్రూట్ బాయ్స్’ అన్న పేరుతో పద్దులో చేర్చుకొని కొద్దిపాటి జీతం ఇచ్చే ఆచారం కూడ ఆ సైన్యంలో ఉండేది. అంటే కుర్రవాడు కవాతు నేర్చుకొనే మైదానం తల్లి వంట చేసుకొనే పొయ్యికి కూతవేటు దూరం. హవల్దారు తిట్లు ఆమె చెవిన పడేవి. ఎండలో నిలబెట్టిన బిడ్డకు రాత్రి అన్నం ఆమె చేతితోనే వడ్డించేది.

సముద్రం అడ్డు వచ్చినప్పుడే చిక్కు. మద్రాసు సిపాయిలు 1762లో మనీలా దాక వెళ్ళారు, 1811లో జావాకు, 1824లో బర్మాకు వెళ్ళారు. ఓడలో కుటుంబాలకు చోటు లేదు. 1780లో హైదరు అలీతో యుద్ధం కోసం ఓడ ఎక్కి మద్రాసు రమ్మన్నప్పుడు విశాఖపట్నంలోని సిపాయిలు ఎక్కమని తిరుగబడ్డారు. దొరలపై తుపాకులు పేల్చారు. దీనిని మతాచారపు భయంగా మాత్రమే చెప్పి ఊరుకోవడం నాకు తృప్తిగా లేదు. వెనుక లైన్లలో ఉన్న ఇల్లాలికి రేపటి గింజలెవరు కొలుస్తారన్న భయం అందులో లేదని ఎట్లా అనగలం? సర్కారు ఆ భయాన్ని ఎరుగకపోలేదు. విదేశాలకు పోయే సిపాయి తన జీతంలో ఒక భాగాన్ని ఇంటివారికి అందేటట్లు వ్రాసి ఇచ్చే ‘ఫ్యామిలీ సర్టిఫికెట్’ పద్ధతి అందుకే వచ్చింది. నేడు కొడుకు జీతం బ్యాంకు ఖాతాలో పడి, అందులో కొంత ఇంటికి చేరే ఏర్పాటుకు అది ముత్తాత అనుకోవచ్చు.

ఇంకొక సంగతి. సైన్యం మొదట మార్చేది మనిషి రూపాన్ని. గడ్డాలు తీయించుకోవాలి, మీసాలు ఒక కొలతకు కత్తిరించుకోవాలి, కవాతు వేళ నుదుట బొట్టు, చెవులకు పోగులు ఉండరాదు, తలకు కొత్తరకం టోపీపాగా పెట్టుకోవాలి అన్న ఆజ్ఞలు 1806 జూలై 10న వేలూరు కోటలో నెత్తుటేరులు పారించాయి. చెవిపోగు తీసేయడం సిపాయి ఒక్కడి విషయం కాదు. ఆ పోగు కుట్టించిన నాటి పేరంటం తల్లికి గుర్తుంటుంది. ఈనాడు శిక్షణకు వెళ్ళిన పిల్లవాడి మొదటి ఫోటో ఇంటికి చేరినప్పుడు, తల నున్నగా కత్తిరించి, బుగ్గలు లోపలికి పోయి, ఎండకు కమిలిన ఆ ముఖాన్ని చూసి తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నవ్వకూడదు.

కుటుంబం పటాలం గేటు దాటి బయటికి వచ్చినది క్రమంగా. పందొమ్మిదవ శతాబ్ది చివర రాబర్ట్సు దొర వంటివారు దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని తేల్చి, పంజాబు వైపు మొగ్గారు. తెలుగువారికి పటాలం తలుపులు చాలవరకు మూతపడ్డాయి. 1922 పునర్వ్యవస్థీకరణలో ప్రతి రెజిమెంటుకు ఒక శిక్షణ పటాలం ఏర్పడి, కొత్తవాడు అసలు పటాలానికి పోకముందే వేరొక చోట తయారు కావడం మొదలైంది. రెండవ ప్రపంచయుద్ధంలో మద్రాసు రెజిమెంటు మళ్ళీ ప్రాణం పోసుకొనేనాటికి ఈ పద్ధతి గట్టిపడింది. 1947లో దాని శిక్షణ కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టనుకు మారింది. తెలుగు కుర్రవాడు ఉక్కపోత సీమ నుండి ఆ చలికొండ ఎక్కవలసివచ్చింది, తల్లి ఊళ్ళోనే ఉండిపోయింది. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు రావడం చాలామందికి తెలిసినదే. అటువంటి ఊళ్ళలో అమ్మలక్కలకు ఈ ఎడబాటు తరతరాల అనుభవం, ఒకరికొకరు చెప్పుకొనగలరు. ఇంటికొకడు కాక ఊరికొకడు వెళ్ళిన చోట్ల ఎవరు చెబుతారు?

మా శ్రీకాకుళం పల్లెలలో ఆ బాధ్యత కొంతవరకు బడిపంతులు మీద పడేది. ఉత్తరం చదివి పెట్టడం, జవాబు వ్రాసి పెట్టడం నా ఉద్యోగంలో లేని పనే, అయినా కొన్నేండ్లు నిత్యకృత్యం. (తపాలాకు సంబంధించిన ‘టపా’ అన్న మాటను మనం ఇక్కడి వ్రాతలకు పెట్టుకున్నప్పుడు నాకు ఆ నీలిరంగు ఇన్‌లాండు కవర్లే గుర్తుకు వచ్చాయి.) “మేస్టారూ, మా గుంటడు తిండి సంగతి ఏటీ రాయనేదా?” అని ఒక తల్లి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేది. వ్రాయలేదు. వ్రాసినదల్లా తాను కులాసా అని, అక్కడ అంతా కులాసా అని తలుస్తున్నానని. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు నుండి మన సిపాయిలు వ్రాసిన జాబులను సెన్సారు అధికారులు చదివేవారు. చాలా జాబులు ఇంకొకరి చేత వ్రాయించుకున్నవి, ఊళ్ళో ఇంకొకరు పైకి చదివి వినిపించవలసినవి. అంతమంది చూపు పడే కాగితం మీద ఎవడు ఏడుస్తాడు? శిక్షణలోని కుర్రవాడి ఉత్తరానికి సెన్సారు లేకపోవచ్చు, కాని పంతులు చదువుతాడని వాడికి తెలుసు. అందుచేత క్లుప్తమైన ఉత్తరం చూసి కీడు శంకించనక్కరలేదని నేను ఆ తల్లులకు చెప్పేవాడిని.

వాళ్ళ చిరునామాలలోనూ ఒక విశేషం ఉన్నది. శిక్షణకాలంలో చిరునామాలో ఊరి పేరు ఉంటుంది, వెల్లింగ్టననో, బెంగళూరనో, హైదరాబాదనో. యూనిటుకు వెళ్ళిన తరువాత ఊరు మాయమై ‘56 ఎ.పి.ఓ.’ అనో ‘99 ఎ.పి.ఓ.’ అనో అంకె మిగులుతుంది. “ఆ ఊరెక్కడ మేస్టారూ?” అన్న ప్రశ్నకు దేశపటంలో వేలు పెట్టి చూపలేకపోయేవాడిని.

శిక్షణలో ఏముంటుందో వివరంగా చెప్పే పుస్తకాలు ఉన్నాయి కనుక దౌడు, కవాతు, తుపాకి గురి, అడ్డంకులు దాటడం అని ఎంచి ఊరుకుంటాను. ఇంటివారు తెలుసుకోదగినవి రెండు. మొదటిది భాష. మన పిల్లవానికి తుపాకి కంటె ముందు హిందీ భారమవుతుంది. ఆజ్ఞ అర్థం కాక పక్కవాడిని చూసి తిరిగేవాడు పక్కవాడి తప్పు కూడ చేస్తాడు. ‘రంగ్‌రూట్’ అని తనను పిలుస్తుంటే అది ‘రిక్రూట్’ అన్న ఇంగ్లీషు మాట నలిగిన రూపమని వానికి ఎవరు చెబుతారు! కొన్ని నెలలకు వాడి తెలుగు ఉత్తరాలలోనే ఛుట్టీ, లంగర్ వంటి మాటలు దొర్లుతాయి. రెండవది, పరీక్ష తప్పినా, జబ్బుపడినా, వెనుక వచ్చే జట్టులో కలపడం. దీనిని ‘రెలిగేషన్’ అంటారు. ఊళ్ళో మాత్రం ‘వాణ్ణి పంపేశారట’ అన్న పుకారు పుడుతుంది. వెనుకపడటం వేరు, వెళ్ళగొట్టడం వేరు.

2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించాక శిక్షణ సుమారు 24 వారాలకు కుదిరింది, కొలువు నాలుగేండ్లకు పరిమితమైంది, ఆపైన నూటికి 25 మంది వరకే నిలుస్తారు. ఆ నెలలోనే సికిందరాబాదు స్టేషనులో జరిగిన అల్లర్లలో, కాల్పులలో ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. వెనుకటి తల్లి బిడ్డ క్షేమం కోసం మాత్రమే ఎదురుచూసేది. ఇప్పటి తల్లి నాలుగేండ్ల తరువాతి సంగతి కూడ మొదటి నెలలోనే తలపోయవలసి ఉన్నది. ఇది బరువే. కాదనడం అబద్ధమవుతుంది.

శిక్షణకాలంలో ఇంటివారు చేయవలసిన పని ఒకటున్నది, దానిని ఎవరూ పట్టించుకోరు. రిక్రూటు కుటుంబసభ్యుల వివరాలు సైన్యం రికార్డులకు ఎక్కుతాయి. ఇంటిపేరు ముందు వ్రాసే మన ఆచారం, ఉత్తరాది గుమాస్తా కలం, బడి రిజిస్టరులో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు – వీటి నడుమ అప్పలనరసమ్మ ‘నర్సమ్మ’ అవుతుంది, తండ్రి పేరు ఇంటిపేరవుతుంది. అప్పటికి అది అక్షరదోషం. ముప్ఫై ఏండ్లకు, పింఛను అవసరమైన నాడు, ఆ తల్లి లేక ఆ ఇల్లాలు తాను తానేనని ఋజువు చేసుకోలేక కార్యాలయాల చుట్టూ తిరగడం నేను చూశాను. కుర్రవాడు సెలవుకు వచ్చినప్పుడు స్వీట్ల పొట్లంతో పాటు ఈ పేర్ల కాగితం కూడ విప్పించి, అక్షరం అక్షరం సరిచూడాలి.

ఇక కసం పరేడు. గీత, ఖురాను, బైబిలు, గ్రంథసాహెబు సాక్షిగా రిక్రూటు ప్రమాణం చేస్తాడు. భూమి మీదనైనా, సముద్రం మీదనైనా, ఆకాశంలోనైనా ఆజ్ఞ అయిన చోటికి పోతానని, ప్రాణాపాయమైనా సరేనని ఆ ప్రమాణపు సారాంశం. 1780లో విశాఖ రేవులో నెత్తురు కళ్ళజూసిన సముద్రం ఇప్పుడు ప్రమాణంలో ఒక మాట. అనేక కేంద్రాలలో ఆ రోజు తల్లిదండ్రులను పిలిచి కుర్చీ వేస్తున్నారు, గౌరవ పదకం అని వారి మెడలోనో, రొమ్ము మీదనో ఒక పతకం పెడుతున్నారు. ఆహ్వానం ఆలస్యంగా అందవచ్చు, కనుక దారిఖర్చు ముందే విడిగా తీసి ఉంచుకోవడం మేలు. వెల్లింగ్టనుకైతే దుప్పటి కూడ. ఒకే రకం దుస్తులు, ఒకే రకం నడక, ఒకే ఎత్తున లేచే చేతులు. అంతమందిలో తన బిడ్డ ఏ వరుసలో ఉన్నాడో తల్లి వెంటనే పోల్చుకోలేదు. వరుసలు విడిపోయిన తరువాత వాడే వెతుక్కుంటూ వస్తాడు.