లంబాడీల సంచారము

హైదరాబాదు నుండి తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నముల మీదుగా నాగార్జునసాగరమునకు పోవు బాటలో దేవరకొండ సీమను సమీపించుకొలది లంబాడీ తండాలు దట్టమగును. వీరిని దేశదిమ్మరులని వర్ణించుట మన వ్రాతలలో పరిపాటియైనది. ఆ వర్ణన చరిత్రకు సరిపడదని మా అభిప్రాయము.

'బంజారా' శబ్దమునకు మూలము వాణిజ్యకారుడనియు, 'లమాణీ' శబ్దమునకు మూలము లవణమనియు పండితులు చెప్పుదురు. నిరుక్తి నొక్కదానినే నమ్మరాదు. కాని యిచ్చట చరిత్రయు దానికి తోడగుచున్నది. మొగలు సేనలు దక్కనునకు దిగినపుడు ఎడ్లపై ధాన్యము చేరవేసినవారు వీరే. 1791-92లో టిప్పూపై నడచిన కారన్‌వాలిసు సేనయు వీరి ధాన్యముతోనే నిలదొక్కుకొనెను. 'తండా' యనునది మొదట ఊరి పేరు కాదు, ఎడ్ల బిడారు పేరు. బిడారును నడుపువాడు నాయక్. కావున వీరి సంచారము నిలుకడలేమి కాదు, వృత్తి.

ఆ వృత్తిని రోడ్లును, రైలును మ్రింగినవి. వాడీ–సికిందరాబాదు రైలుమార్గము 1874లో నడచినది. అంతకు మూడేండ్ల ముందే, 1871లో, నేరస్థ జాతుల చట్టము పుట్టినది. కాలక్రమమున పలు ప్రాంతముల బంజారాలకును ఆ ముద్ర పడెను. నిన్నటిదాక సేనలను పోషించిన తిరుగుడే నేడు అనుమానాస్పదమయ్యెను! చట్టము రద్దగుటకు 1952 వరకు వేచియుండవలసి వచ్చినది.

వీరి భాష ఆర్యభాషా కుటుంబమునకు చెందినది, రాజస్థానీకి దగ్గరి చుట్టము. దానికి స్వంత లిపి లేదు. రాఠోడ్, పమార్, చౌహాన్, వడ్త్యా మున్నగు గోత్రములు కలవు. సగోత్ర వివాహము నిషిద్ధము. శ్రావణమున తీజ్ పండుగకు కన్యలు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరుపోసి పెంచి, మొలకలను నీట కలుపుదురు. పెండ్లి ఆచారములలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది అప్పగింతల వేళది. వధువు ఢావలో అను ఏడ్పుపాట పాడి, పిదప ఎద్దుపై నిలిచి హవేలి పాటతో పుట్టింటిని దీవించును. బిడారు పోయినను ఎద్దు పెండ్లిలో నిలిచినది. శాసనములు లేని జాతికి ఇట్టి ఆచారమే శాసనము.

ఆంధ్ర జిల్లాల సుగాలీలు ముందే షెడ్యూలు తెగలలో చేరియుండగా, వారి తోడివారైన తెలంగాణ లంబాడీలు 1976 నాటి సవరణ చట్టముతో గాని ఆ పట్టికకెక్కలేదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టముతో పెక్కు తండాలు స్వతంత్ర గ్రామ పంచాయతీలైనవి.