టిప్పు తుపాకీ ధర ఎంత?

2023 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం ఒక పాత వేట తుపాకీని దేశం దాటిపోకుండా తాత్కాలికంగా ఆపింది. అది 14 బోర్ చెకుముకి తుపాకీ, 1793-94 నాటిది. కర్రకు వెండి పొదిగారు. చేసినవాడు అసద్ ఖాన్ మహమ్మద్, చేయించుకున్నవాడు మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్. దానికి కట్టిన విలువ 20 లక్షల పౌండ్లు, అప్పటి మారకంలో సుమారు 20 కోట్ల రూపాయలు. ఆ మొత్తం చెల్లించి బ్రిటన్‌లోనే ఉంచుకోగల కొనుగోలుదారు దొరకడానికి గడువు ఇవ్వడమే ఆ నిషేధం ఉద్దేశం. మైసూరు కొలిమిలో పుట్టిన తుపాకీ ఇంగ్లండు జాతీయ సంపద ఎలా అయిందన్న ప్రశ్నను మన పత్రికల్లో కొందరు వేశారు. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించింది ఆ అంకె.

ఎందుకంటే అదే టిప్పు పేరున్న తుపాకీలు అంతకుముందు ఎంతకు పోయాయో చూడండి. 2015 ఏప్రిల్‌లో లండన్‌లోని బోనమ్స్ సంస్థ ఒక సేకర్త దగ్గరున్న టిప్పు ఆయుధాలను వేలం వేసింది. మొత్తం రాబడి 60 లక్షల పౌండ్లు దాటింది. అందులో రెండు సార్లు పేల్చగల వేట తుపాకీ ఒక్కటే 7 లక్షల 22 వేల 500 పౌండ్లు పలికింది. 2019 మార్చిలో బెర్క్‌షైర్‌లోని ఒక ఇంటి అటకమీద మరొకటి బయటపడింది. కంపెనీ మేజర్ థామస్ హార్ట్ శ్రీరంగపట్నం నుంచి తీసుకుపోయిన వస్తువులలో అదొకటి. 20 బోర్, వెండి పనితనం, బానెట్‌తో సహా. దానికి వచ్చింది 60 వేల పౌండ్లే.

ఒకే రాజు, ఒకే కాలం, ఒకే పట్నం. ధరల్లో మాత్రం ముప్పై రెట్లకు మించిన తేడా. వేలం శాలల లెక్క వేరు. పనివాడి పేరు ఉందా, చెక్కడం చెడిపోకుండా ఉందా, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కాగితాలున్నాయా అన్నదే వారికి ముఖ్యం. 20 లక్షల తుపాకీ వెనుక కారన్‌వాలిస్ పేరు ఉంది. అది ఆయనకు కానుకగా చేరిందని భావిస్తున్నారు. అటక మీది తుపాకీ వెనుక ఒక మేజర్ ఉన్నాడు. ఓడించినవాడి హోదాను బట్టి ఓడినవాడి వస్తువుకు వెల పెరుగుతుందన్నమాట.

కారన్‌వాలిస్ పేరు వచ్చింది గనుక మరో అంకె గుర్తు చేయాలి. 1792 శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సగం రాజ్యాన్ని వదులుకున్నాడు. 3 కోట్ల 30 లక్షల రూపాయల పరిహారానికి ఒప్పుకున్నాడు. ఇద్దరు కొడుకులను జామీనుగా పంపాడు. ఆ బిడ్డలు 1794లో గాని తిరిగి రాలేదు. అంటే ఈ తుపాకీ తయారైన కాలంలో దాని యజమాని బిడ్డలు బందీలుగానో, అప్పుడే విడుదలయ్యో ఉన్నారు. 1792, 1799 పంపకాలలో టిప్పు నుంచి నిజాంకు దక్కిన ప్రాంతాలనే 1800లో కంపెనీకి అప్పగించారు. అవే దత్తమండలాలు, నేటి రాయలసీమ. ఈ తుపాకీ కథ మనకు మరీ పరాయిది కాదు.

ఇంకొక సంగతి. 2015లోనే కర్ణాటక ప్రభుత్వం టిప్పు జయంతిని అధికారికంగా మొదలుపెట్టింది. 2019లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. 2023 మే నెలలో శాసనసభ ఎన్నికల ప్రచారంలో టిప్పు పేరు కూడా వినిపించింది. అదే నెలలో లండన్‌లో టిప్పు పడకగది ఖడ్గం 1 కోటి 40 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఇవన్నీ కాకతాళీయమే, ఒకదానికి ఇంకొకటి కారణమని నేను అనను. అయినా ఇక్కడ మనం ఆయన్ను దేశభక్తుడా, మతోన్మాదా అని తూచుకుంటుంటే, అక్కడ ఎవరో ఆయన సామాను తూకం వేసి సొమ్ము చేసుకుంటున్నారు.

ఇక స్వదేశంలో ఉండిపోయిన తుపాకీల సంగతి. 1878లో వైస్రాయి లిట్టన్ ఒకే ఏడు రెండు చట్టాలు తెచ్చాడు. ఒకటి దేశభాషా పత్రికల నోరు నొక్కింది, రెండోది లైసెన్సు లేని భారతీయుడి చేతిలో తుపాకీ లేకుండా చేసింది. మొదటిదాన్ని 1882లో రిప్పన్ ఎత్తేశాడు. రెండోది స్వతంత్రం వచ్చాక కూడా బతికింది. దాని స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది. ఈ నడుమ సంస్థానాధీశులు మాత్రం లండన్ పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ కంపెనీలకు పెద్ద ఖాతాదారులయ్యారు. కొలతలిచ్చి జోడు గొట్టాల తుపాకీలు జతలు జతలుగా చేయించుకున్నారు. ప్రజలకు నిషేధం, ప్రభువులకు విలాసం.

ఆ విలాసం రెండేళ్లలో కూలిపోయింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తెర దించింది. కొనే డబ్బూ పోయింది, పేల్చే పనీ పోయింది. 1983 సవరణ ఒక మనిషికి మూడు తుపాకీలే అంది. 2019 డిసెంబరులో ఆ మూడు రెండయ్యాయి. బిల్లులో మొదట ఒకటే అన్నారు. సభలో అభ్యంతరాలు వచ్చాక రెండుకు ఒప్పుకున్నారు. తాత ముత్తాతల నుంచి వచ్చినదైనా ఆ రెండింటిలోనే లెక్క. మిగిలినవి ఏడాదిలోగా ఠాణాలోనో, లైసెన్సున్న వ్యాపారి దగ్గరో అప్పగించాలి. అందరూ ఒకేసారి వదిలించుకోవాలంటే కొనేవాడు ఎక్కడ? కొనేవాడికీ రెండే గదా!

తుపాకీల సంఖ్య తగ్గాలనడాన్ని నేను తప్పు పట్టను. పెళ్లి ఊరేగింపులలో గాలిలోకి పేల్చే కాల్పులకు ప్రాణాలు పోవడం చూస్తూనే ఉన్నాం. అయితే నాటు తుపాకీకీ, నూరేళ్ల నాటి చేతిపనికీ ఠాణాలో ఒకే వరుస అయితేనే చిక్కు. నూరేళ్లు దాటిన హస్తకళా వస్తువును దేశం దాటించరాదని 1972 పురావస్తు చట్టం చెబుతుంది. కనుక లండన్ ధర ఇక్కడి యజమానికి అందదు. పైగా ఆ చట్టమే పురావస్తువులను నిర్బంధంగా సేకరించి భద్రపరిచే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. బ్రిటన్ నిషేధం పెట్టి కొనుగోలుదారుకు గడువిస్తుంది. మనం నిషేధం పెట్టాం, గడువూ పెట్టాం. ఆ గడువు మాత్రం ఠాణాకు పోవడానికి.