వడిసెల, విసరుట, రాతివేత: తెలుగు బైబిలులో కొన్ని పాత మాటలు

ప్రవేశిక

నల్లమల పడమటి అంచున, నంద్యాలకు సమీపమున ఉన్న మహానందిలో కోనేటి ఊటనీరు చుట్టుపట్ల పొలాలను తడుపుతుంది. ఆ తడినేల దాటి పడమటికి పోతే నల్లరేగడి, వర్షాధారపు చేలు. జొన్న కంకులు పాలుపట్టే రోజులలో చేనిలో మంచె, మంచెమీద కాపలా మనిషి, అతని చేతిలో వడిసెల ఒకప్పుడు ఇక్కడ సర్వసాధారణమైన దృశ్యం. ప్రత్తి, శనగ పెరిగి జొన్న తగ్గిన తరువాత అది అరుదైపోయింది. దానితోపాటు విసరుటకు సంబంధించిన కొన్ని మాటలు కూడా వాడుకనుండి జారిపోతున్నాయి. అవి ఇంకా నిలిచియున్న చోటు మన బైబిలు. వాటి అర్థం మరచి చదివితే మనం ఏమి కోల్పోతాము? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

చారిత్రక నేపథ్యం

తెలుగులో క్రొత్త నిబంధన 1818లోను, సంపూర్ణ బైబిలు 1854లోను వెలువడ్డాయి. ఈ మధ్యకాలంలోనే, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు మాటలను సేకరించి 1852లో నిఘంటువు ప్రకటించాడు. లండన్ మిషన్ 1822 నుండి కడపలోను, తరువాత జమ్మలమడుగులోను పనిచేసింది. ఎస్.పి.జి. సంఘం ముత్యాలపాడు, నంద్యాల కేంద్రాలుగా పనిచేసింది. అనువాదకులు ఎక్కువగా విశాఖపట్నం, మద్రాసులలో కూర్చుండి పనిచేసినా, ఈ ప్రాంతంలో వారి వాక్యం విన్నవారిలో అధికులు పొలంపనిచేసే పేదలు. వారికి వడిసెల అంటే ఏమిటో బోధకుడు వివరించనక్కరలేదు.

వడిసెల

మధ్యలో రాయి పట్టే చిన్న తొట్టి, దానికి ఇరువైపుల రెండు పేట్లు. ఒక పేట కొసను వ్రేలికి తగిలించుకొని, రెండవ కొసను పట్టుకొని తలపైన గిరగిర త్రిప్పి, ఆ రెండవ కొసను విడిచిపెడతారు. సౌలు ఆయుధములు విడిచి దావీదు చేతపట్టినది ఇదే (1 సమూ. 17:40). మంచెమీద కూర్చున్నవానికి ఈ కథలో మొదట కనబడేది అద్భుతం కాదు, తన పనిముట్టు. న్యాయాధిపతులు 20:16లో గురితప్పని వడిసెలవాండ్రు 700 మంది కనబడతారు. అక్కడ గురి తప్పుటకు వాడిన హెబ్రీ క్రియయే ఇతర చోట్ల పాపము చేయుట అనే అర్థం ఇస్తుంది. పాపమంటే గురి తప్పుట అని మనం తరగతిలో నేర్చుకొని ప్రసంగిస్తాము. వడిసెల ఎరిగిన సంఘానికి అది నిర్వచనం కాదు, అనుభవం.

విసరుట

మన తెలుగులో రాయి విసురుతారు, విసనకఱ్ఱ విసురుతారు, తిరుగలి కూడ విసురుతారు. మత్తయి 24:41లోని ఇద్దరు స్త్రీల పని ఇదే. త్రిప్పుటకు, దూరంగా వేయుటకు ఒకే మాట ఎందుకో వడిసెలను చూచినవారికి వెంటనే బోధపడుతుంది. ఇది తెలుగుకు మాత్రమే చెందిన వింత కాదు. ఆంగ్లంలో ‘త్రో’ అనే మాటకు పూర్వార్థం మెలిత్రిప్పుట. అంతకు పూర్వం అక్కడ విసరుటకు వాడిన పాత క్రియ మగ్గంమీది పడుగుకు పేరైన ‘వార్ప్’లో మిగిలింది.

రాతివేత

గెత్సేమనేలో యేసు శిష్యులనుండి వెళ్లిన దూరం రాతివేత (లూకా 22:41). గ్రీకు మూలంలోనూ అది రాయి విసరిన దూరమే. హాగరు బిడ్డనుండి వెళ్లి కూర్చున్నది వింటివేత దూరం (ఆది. 21:16). ‘కొంత దూరం’ అని మార్చి చదివితే లెక్క చెడదు గాని, భావం చెడుతుంది. రాతివేత అంటే చూపుకు అందే దూరం, చేతికి అందని దూరం. శిష్యులు చూడగలిగియుండి నిద్రించారు. హాగరు చూడలేక దూరం జరిగింది.

మోపుట, వేయుట

కీర్తన 55:22లో భారమును దేవునిమీద మోపుమని మన అనువాదం. హెబ్రీ క్రియకు అర్థం విసరివేయుట. 1611 ఆంగ్ల బైబిలు అక్కడా, 1 పేతురు 5:7లోనూ ‘కాస్ట్’ అనే ఒకే మాట వాడింది. తెలుగులో పేతురు పత్రికలో మాత్రం ‘వేయు’ అనే క్రియ ఉన్నది. పేతురు వాడిన గ్రీకు క్రియ క్రొత్త నిబంధనలో మరొక్క చోటనే, గాడిదపిల్లమీద బట్టలు వేసినప్పుడు, కనబడుతుంది (లూకా 19:35). మోపినవాని చెయ్యి ఇంకా బరువు క్రిందనే ఉండవచ్చు. వేసినవాని చెయ్యి ఖాళీ అవుతుంది. అప్పులతో, కరవుతో సతమతమయ్యే సంఘానికి ఈ భేదం చిన్నది కాదు.

ముగింపు

పాత మాట అర్థం కానప్పుడు దానిని తొలగించుట సులభం. అనువాదం సవరింపబడవలసిన అవసరాన్ని మేము కాదనము. అయితే సవరించుటకు ముందు ఆ మాట ఏ పొలంనుండి వచ్చిందో విచారించుట కాపరికి, విద్యార్థికి తగిన పని. ఇందుకు నిఘంటువుతోపాటు మన సంఘాలలోని వృద్ధులే ఆధారం. వారిలో ఒకరిని పిలిచి ఆదివారపు బడి పిల్లలయెదుట వడిసెల అల్లించినయెడల, దావీదు కథతోపాటు ఆ మాట కూడ మరొక తరానికి అందుతుంది.