సికింద్రాబాదు రైలు - బొగ్గు లెక్క

ఒక దేశము ఏటేట వాడు శక్తిని ఆ యేటి ఉత్పత్తి విలువచే భాగించిన, రూపాయి విలువగల ఉత్పత్తికి ఎంత శక్తి వ్యయమైనదో తేలును. దీనిని శక్తి తీవ్రత అందురు. 1990 తరువాత భారతదేశమున ఈ సంఖ్య తగ్గుచు వచ్చినది. అది ఎట్లు తగ్గునో తెలిసికొనుటకు సికింద్రాబాదు రైలు చరిత్ర మంచి ఉదాహరణము. రైలునకు ఉత్పత్తి యనగా మోసిన బరువు, మోసిన దూరము.

1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రైలు వచ్చినది. 1889లో సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలైనది. ఆ యేటనే రైలు బెజవాడ చేరినది. బొగ్గు, బండి ఒకే దారిన పడినవి.

అయితే ఆవిరి యింజను మహా దుబారా మనిషి వంటిది. బొగ్గులోని వేడిమి నూరు పాళ్లనుకొన్న, చక్రములకు చేరునది ఆరేడు పాళ్లే. కొంత వేడిమి పొగతో పోవును. సిలిండరులో పనిచేసిన ఆవిరి తనలో ఇంకను ఎంతో వేడిమిని దాచుకొనియే గాలిలో కలిసిపోవును. బండి స్టేషనులో ఊరక నిలిచియున్నను పొయ్యి ఆరరాదు. నిజము చెప్పవలెనన్న ఆకాశమును వేడిచేయుటయే దాని అసలు వృత్తి, బండి లాగుట ఉపవృత్తి!

డీజిలు యింజనులో ఇంధనము సిలిండరులోనే మండును గనుక నూటికి సుమారు ముప్పది పాళ్లు పనికి వచ్చును. 1990 దశకపు తొలి యేండ్లలో కాజీపేట-సికింద్రాబాదు మార్గమునకు విద్యుత్తు వచ్చినది. విద్యుత్ యింజను తనకందిన శక్తిలో నూటికి ఎనుబదికి పైగా పాళ్లను చక్రములకు ఇచ్చును.

ఇచ్చట విద్యార్థులు తొందరపడరాదు. ఆ విద్యుత్తు ఎక్కడిది? ఈ ప్రాంతమున అందులో పెద్ద భాగము బొగ్గు నుండియే వచ్చును. రామగుండమున 1983 నుండి పనిచేయుచున్న జాతీయ విద్యుత్కేంద్రమున మండునది సింగరేణి బొగ్గే. అట్టి కేంద్రములలో నూటికి ముప్పదియైదు పాళ్ల వేడిమి మాత్రమే విద్యుత్తగును. తీగలలో, ట్రాన్సుఫార్మరులలో, మోటారులో మరికొంత పోగా చక్రములకు మిగులునది ఇరువదియైదు పాళ్లకు అటునిటుగా నుండును. ఆవిరి యింజను కంటె ఇది నాలుగింతలు మేలు. కాని ఎనుబది మాత్రము కాదు. రైల్వే లెక్కల పుస్తకమున మాయమైన బొగ్గు విద్యుత్కేంద్రపు పుస్తకమున తేలినది. కనుకనే దేశపు శక్తి తీవ్రతను కట్టువారు యింజను వద్ద గాక గని వద్దనే లెక్క మొదలుపెట్టవలెను.

తీవ్రత తగ్గినంత మాత్రమున మొత్తము వాడకము తగ్గదు. బొగ్గును పొదుపుగా వాడు యంత్రములు పెరిగినకొలది బొగ్గు వాడకమే పెరుగునని ఇంగ్లండులో జెవన్స్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1865లోనే వాదించెను. సికింద్రాబాదు బండ్లు బొగ్గు పొయ్యిని విడిచి దశాబ్దములు గడచినవి. 2023-24లో సింగరేణి గనుల నుండి వెలువడిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందులో అధిక భాగము విద్యుత్కేంద్రములకే పోయినది.