పోత ఇనుమా, ఉక్కు గొట్టమా? బి.ఎం.సి. ఇంజిన్ల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చరిత్ర

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చేసే పని చిన్నదే. సిలిండర్లలో కాలిన వాయువును ఒకచోటికి చేర్చి సైలెన్సర్ వైపు పంపుతుంది. పాత కార్ల పుస్తకాలూ, విడిభాగాల జాబితాలూ దాని చరిత్రను కూడా అంత చిన్నదిగానే చెప్పేస్తాయి. ఫ్యాక్టరీలు చవగ్గా వస్తుందని పోత ఇనుప మానిఫోల్డు బిగించాయనీ, రేసుల వాళ్లు దాన్ని పీకేసి ఉక్కు గొట్టాలు పెట్టారనీ, గొట్టం లావూ నునుపూ పెరిగేకొద్దీ ఇంజిన్ బలం పెరిగిందనీ ఆ కథ. 1950, 60ల నాటి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) ఇంజిన్ల విషయంలో ఇది సగమే నిజం. అక్కడ లోహం కంటే, గొట్టం లావు కంటే, ఏ సిలిండర్ వాయువు ఏ సిలిండర్ వాయువుతో ఎక్కడ కలుస్తుందన్నదే ఎక్కువ ఫలితం చూపింది.

తొలి దశలు అందరికీ తెలిసినవే. 1920ల చివర మెర్సిడెస్ ఎస్.ఎస్.కె. బోనెట్ పక్కనుంచి మెరిసే గొట్టాలు బయటికి వచ్చాయి. 1932లో వచ్చిన ఫోర్డ్ వి-8లో ఒక్కో వరుస నడిమి రెండు సిలిండర్లకూ కలిపి ఒకే ఎగ్జాస్ట్ దారి ఇచ్చి, దాన్ని బ్లాకులోని నీటి గదుల మధ్యగా పోనిచ్చారు. ఇంజిన్ వేడెక్కుతుందన్న చెడ్డపేరు దానికి అందుకే వచ్చింది. కాలిన వాయువు ఒక్కసారిగా బయటపడితే దాని వెనక పీడనం పడిపోతుందనీ, ఆ లోటును వాడుకోవచ్చనీ 1930ల్లో మిషెల్ కడెనాసీ పేటెంట్లు చూపాయి. వాయువు సాఫీగా ప్రవహించే ద్రవం కాదు, వరసగా వచ్చే అలల తాకిడి అన్న ఎరుక ఇంజినీర్లలో అప్పటికే ఉంది. విడిభాగాల వ్యాపారానికి మాత్రం అది చాలా ఆలస్యంగా చేరింది.

అసలు చిక్కు 1951లో ఆస్టిన్ ఎ-30తో వచ్చిన ఎ-సిరీస్ ఇంజిన్‌లో మొదలవుతుంది. హ్యారీ వెస్లేక్ రూపురేఖలతో తయారైన దాని సిలిండర్ హెడ్‌కు ఉన్నవి అయిదే పోర్టులు: లోపలికి రెండు, బయటికి మూడు. ఒకటో, నాలుగో సిలిండర్లకు చెరో ఎగ్జాస్ట్ పోర్టు ఉంటుంది, నడుమ ఉన్న రెండు, మూడు సిలిండర్లకు కలిపి ఒకటి. దాని అన్న వరసైన బి-సిరీస్‌దీ ఇదే పద్ధతి. పొదుపు కోసం చేసిన ఈ ఏర్పాటును ట్యూనర్లు దశాబ్దాలుగా తిట్టిపోశారు. ఆ తిట్టు కొంతవరకే న్యాయం.

ఈ ఇంజిన్ల ఫైరింగ్ వరస 1-3-4-2. క్రాంక్ 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ పేలుతుంది. బి-సిరీస్ ఇంజిన్‌తో వచ్చిన మొదటి ఎం.జి.బి. కార్ల క్యామ్ లెక్కలో ఎగ్జాస్ట్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరడానికి 51 డిగ్రీల ముందు తెరుచుకుని, పైకి చేరిన 21 డిగ్రీల తర్వాత మూసుకుంటుంది. అంటే మొత్తం 252 డిగ్రీలు తెరిచి ఉంటుంది. ఒకటో సిలిండర్ వాల్వు మూసుకోవడానికి ఇంకా 72 డిగ్రీలు ఉండగానే మూడో సిలిండర్ వాల్వు తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ వ్యవధిలోనే ఒకటో సిలిండర్ ఇన్‌లెట్ వాల్వు కూడా తెరుచుకుని కొత్త మిశ్రమాన్ని పీల్చబోతుంది. ఈ రెండు సిలిండర్ల గొట్టాలు దగ్గర్లోనే కలిస్తే మూడో సిలిండర్ నుంచి వచ్చిన తాకిడి ఒకటో సిలిండర్ మీద పడి, పోవలసిన పొగను వెనక్కి నెడుతుంది. రెండు, మూడు సిలిండర్ల మధ్య ఎడం మాత్రం 360 డిగ్రీలు. వాటి ఎగ్జాస్ట్ వాల్వులు ఎప్పుడూ ఒకేసారి తెరిచి ఉండవు. ఒకటి, నాలుగు సంగతీ ఇంతే. అందరూ తిట్టిన నడిమి జంట పోర్టు కలపకూడని సిలిండర్లను కలపలేదు, కలపదగ్గ వాటినే కలిపింది. (ఇన్‌లెట్ వైపు జంట పోర్టుల కథ వేరు. అక్కడ ఒకదాని మిశ్రమాన్ని ఇంకొకటి దోచుకుంటుంది; ఆ తిట్టు న్యాయమే.)

ఈ లెక్క తెలిస్తే ఎ-సిరీస్ ఇంజిన్‌తో నడిచిన మినీ కారు చరిత్ర మరో రకంగా కనిపిస్తుంది. 1959 నాటి 848 సి.సి. మినీలో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పోత ముక్కలో ఉండేవి. బలం 34 హార్స్‌పవర్. 1961లో వచ్చిన 997 సి.సి. మినీ కూపర్‌కు మూడు శాఖల మానిఫోల్డ్ ఇచ్చారు. బలం 55కు పెరిగింది. ఆ పెరుగుదలను చాలామంది మానిఫోల్డ్ ఖాతాలో వేస్తారు. ఇంజిన్ సైజు, రెండు ఎస్.యు. కార్బ్యురేటర్లు, క్యామ్, కంప్రెషన్ అన్నీ ఒకేసారి మారినచోట ఏ ఒక్కదానికీ అంత వాటా ఇవ్వలేం. పైగా ఆ మానిఫోల్డ్‌లో నడిమి శాఖ పొట్టిది, మూడు శాఖలూ త్వరగానే కలిసిపోతాయి. పాత ముక్క కంటే అది మేలే, కానీ 180 డిగ్రీల గొడవను తీర్చలేదు.

దాన్ని తీర్చింది నడిమి శాఖను పొడవుగా కిందిదాకా విడిగా దించి, చివరి శాఖలు రెండింటినీ ముందు కలిపి, ఆ తర్వాతే మూడింటినీ ఒకటి చేసే ‘లాంగ్ సెంటర్ బ్రాంచ్’, ట్యూనర్ల నోట ఎల్.సి.బి. ఇంగ్లండ్‌లో శాలిస్‌బరీ దగ్గరి డౌన్‌టన్ ఊళ్లో డేనియల్ రిచ్‌మండ్ నడిపిన డౌన్‌టన్ ఇంజినీరింగ్ పేరుతో అది ముడిపడి ఉంది. ఆ పనితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. మినీలో ఇంజిన్‌కూ వెనక గోడకూ మధ్య ఉన్న సందులో ఆ గొట్టాలను ఇమడ్చడమే పెద్ద విద్య. అయితే దాన్ని శూన్యంలోంచి పుట్టిన మాయగా చెప్పడం అతి. శాఖలను ఏ జతలుగా కలపాలన్నది అప్పటికే చర్చలో ఉన్న విషయం. ఫిలిప్ స్మిత్ ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ వ్యవస్థల మీద రాసిన శాస్త్రీయ గ్రంథం 1962లో అచ్చయింది.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఫ్యాక్టరీ నుంచే దొరుకుతుంది. 1962లో 1798 సి.సి. బి-సిరీస్ ఇంజిన్‌తో వచ్చిన ఎం.జి.బి.కి పోత ఇనుప మానిఫోల్డే బిగించారు. దానికి కిందివైపు రెండు నోళ్లుంటాయి: ఒకటి చివరి సిలిండర్ల జతకు, రెండోది నడిమి జతకు. వాటి నుంచి రెండు గొట్టాలు విడివిడిగా దిగి, కింద కలుస్తాయి. లోహం తీసేసి చూస్తే అది ఎల్.సి.బి.యే. ఓ మోస్తరు ట్యూనింగ్ వరకు గొట్టాల మానిఫోల్డ్ దాన్ని పెద్దగా మించదని ఈ ఇంజిన్లతో ఏళ్ల తరబడి పనిచేసినవారు చెప్పే మాట ఈ లెక్కకు సరిపోతుంది.

పొడవు శాఖ కూడా అన్ని వేగాల్లోనూ ఒకేలా పనిచేయదు. వేడి పొగలో ఒత్తిడి అల సెకనుకు సుమారు 550 మీటర్లు పోతుందనుకుంటే, 5000 ఆర్.పి.ఎం. దగ్గర ఆ 72 డిగ్రీల వ్యవధిలో (2.4 మిల్లీసెకన్లు) 1.3 మీటర్లు వెళ్తుంది. ఒక్కో శాఖ 65 సెంటీమీటర్లు దాటితే తాకిడి వచ్చేసరికి వాల్వు మూసి ఉంటుంది. 2500 దగ్గర అదే వ్యవధి రెట్టింపవుతుంది కాబట్టి అల తప్పక చేరుతుంది, కాకపోతే నీరసపడి చేరుతుంది. రోడ్డు మీద తిరిగే కారుకు దక్కేది నడిమి వేగాల్లో మెరుగైన పికప్, అంతే.

తర్వాతి కాలం అంత గొప్పది కాదు. 1970ల మధ్య నుంచి అమెరికాకు పంపిన ఎం.జి.బి.లకు పొగ నిబంధనల కోసం ఒకే కార్బ్యురేటర్‌తో పాటు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ కలిపి పోసిన ముక్క బిగించారు. వేడికి బీటలువారే ఆ భాగాన్ని మార్చాల్సిందే. అయితే ఆ ఒక్క ముక్క పేరు చెప్పి పాత రెండు నోళ్ల ఇనుమును కూడా చెత్తలో వేసినవాళ్లు తక్కువేమీ కాదు.

నేటి బజారులో స్టెయిన్‌లెస్ మెరుపుదే పైచేయి. గొట్టం లావైతే బలం ఎక్కువన్న పాత మాట మారలేదు. చిన్న ఇంజిన్‌కు మరీ లావు గొట్టం పెడితే వాయువు వేగం తగ్గి కింది వేగాల్లో లాగుడు పోతుంది. స్టెయిన్‌లెస్‌కు సాగుడూ ఎక్కువే: 600 డిగ్రీలు వేడెక్కితే అర మీటరు గొట్టం 5 మిల్లీమీటర్లు సాగుతుంది, మామూలు ఉక్కయితే మూడున్నర. సాగడానికి చోటివ్వని చోట వెల్డు పగులుతుంది. వేడి తగ్గిస్తుందని చుట్టే పట్టీ తడిని పట్టుకుని మామూలు ఉక్కు గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ ఒకే పక్కనుండే ఈ ఇంజిన్లలో పల్చని గొట్టాల వేడి సూటిగా కార్బ్యురేటర్‌కు తగులుతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో అది పెట్రోలును మరిగిస్తుంది.

తెలుగు రోడ్లపై దశాబ్దాలు టాక్సీగా, సర్కారు బండిగా తిరిగిన అంబాసిడర్‌లోని 1489 సి.సి. పెట్రోల్ ఇంజిన్ ఈ బి-సిరీస్ కుటుంబానిదే. కాబట్టి జతల లెక్క దానికీ వర్తిస్తుంది. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజిన్ల లెక్క వేరు. ఎం.జి.బి. మానిఫోల్డ్‌ను చూడకుండా తెచ్చి బిగించడం మాత్రం కుదరదు. ఛాసీ, స్టీరింగ్, కింది గొట్టం దారి అన్నీ వేరు.

కొనేముందు చూడాల్సిన జాగా కూడా మెరిసేది కాదు. ఈ ఇంజిన్లలో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ ఫ్లాంజిలను పక్కపక్కనే పెట్టి, ఒకే స్టడ్డు మీద ఒకే మందపాటి వాషరుతో రెండిటినీ కలిపి నొక్కుతారు. కొత్త మానిఫోల్డ్ ఫ్లాంజి ఇన్‌లెట్ ఫ్లాంజి కంటే ఏమాత్రం మందంగా ఉన్నా వాషరు ఒక పక్కకు వాలుతుంది. ఇన్‌లెట్ వైపు ప్యాకింగ్ సందులోంచి గాలి చొరబడి మిశ్రమం పల్చబడుతుంది. ఐడిలింగ్ కుదరక కార్బ్యురేటర్‌ను తిప్పి తిప్పి విసిగిపోయే మెకానిక్కులకు తప్పు ఎక్కడుందో తెలిసేది వాషరు విప్పాకే. రెండు ఫ్లాంజిల మందం వెర్నియర్‌తో కొలిచి, తేడా ఉంటే మందంగా ఉన్నదాన్ని మిల్లింగ్ చేయించడమో, వాషరుకు మెట్టు చెక్కించడమో ముందే జరగాలి.