ఆకు తిప్పి చూసే పొద్దు

జనవరి నెల, తెల్లవారి ఐదున్నర. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి లంబసింగిలో దిగారు మీరు. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు. రోడ్డు పక్క టీ కొట్టు ముందు చలిమంట చుట్టూ జనం మూగారు. వాళ్ళంతా మంచు చూడ్డానికొచ్చినవాళ్ళు. మీరు మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని తడి గట్టు మీదుగా పొలంలోకి దిగుతున్నారు.

మసకలో ముందు కనిపించేది నల్లటి చారలు. ఎత్తుగా పోసిన మడులు, వాటి మీద మల్చింగ్ షీట్, షీటుకి వరసగా చిల్లులు, ప్రతి చిల్లులోంచీ గుబురుగా ఒక స్ట్రాబెర్రీ మొక్క. మంచు షీటు మీద ముత్యాల్లా నిలిచి ఉంది. పండ్లు ఆ షీటు మీదే వాలి ఉన్నాయి, మట్టి అంటకుండా. మీ చెయ్యి వాటి మీదికే పోతుంది.

"పండు తరవాత బాబూ, ముందల ఆకు సూడండి," అంటుంది తలకి శాలువా చుట్టుకున్న ఒక రైతమ్మ.

ముదురాకు ఒకటి పట్టుకుని వెల్లకిలా తిప్పుతుంది. పైన ఆకు బాగానే ఉంది, కాస్త పాలిపోయి, సూదితో పొడిచినట్టు సన్నటి తెల్ల చుక్కలున్నాయంతే. కింద, ఈనె పక్కన, దుమ్ము రాలినట్టుంది. భూతద్దం పెట్టండి. ఆ దుమ్ము నడుస్తోంది. ఒక్కోటి అర మిల్లీమీటరు ఉంటుందేమో, లేత పసుపు ఒళ్ళు, వీపుకి అటూ ఇటూ రెండు నల్ల మచ్చలు. పక్కనే గాజుపూసల్లాంటి గుండ్రటి గుడ్లు. ఇది నల్లి. పురుగు జాతి కాదు, సాలీడుకి చుట్టం, ఎనిమిది కాళ్ళు. ఈ చలికి మందకొడిగా ఉంది. ఫిబ్రవరిలో ఎండ ముదిరి గాలి పొడిబారితే గుడ్డు నుంచి తల్లి కావడానికి వారం పది రోజులు చాలు. ఒక్కో తల్లి వంద గుడ్ల దాకా పెడుతుంది. అప్పుడు ఆకుల మధ్య సన్నటి గూడు అల్లుకుంటుంది. ఆ గూడు కంటికి ఆనేసరికి మనం ఆలస్యమైపోయినట్టే.

ఆమె ఆ ఆకుని తుంచి బకెట్లో వేస్తుంది. చుట్టుపక్కల నాలుగు మొక్కల ఆకులు తిప్పి చూస్తుంది. ఇంకో రెండు ఆకులు బకెట్లోకి.

మందు కొట్టేస్తే పోదా అని మీకు అనిపిస్తుంది. అక్కడే ఉంది ఈ పంట కిటుకంతా. స్ట్రాబెర్రీకి తొక్క లేదు. అరటిపండులా వొలుచుకోం, మామిడిలా చెక్కు తియ్యం. కాపు మొదలైతే రోజు విడిచి రోజు కోత. ఏ రసాయన మందు డబ్బా మీదైనా, కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని రాసి ఉంటుంది. ఆ ఆగే రోజులు ఈ పంటకి లేవు. ఆగితే పండు మెత్తబడి పోతుంది, ఆగకపోతే ఆ మందు పిల్లల నోట్లోకే పోతుంది. పైగా పైరిత్రాయిడ్ జాతి మందులు కొడితే నల్లిని తినే మంచి పురుగులు ముందు చస్తాయి; నల్లి రెట్టింపై లేస్తుంది. అందుకే ఈ పైరులో మందు కన్నా చూపు ముందుండాలని నేను గట్టిగా నమ్ముతాను.

"ఇటు రండి, ఇది సూడండి."

మడుల మధ్య కాలవలో తడి గోనెపట్టా పరిచి ఉంది. నిన్న సాయంత్రం పరిచిందట. అంచు పట్టుకుని మెల్లగా ఎత్తుతుంది. కింద చల్లటి చీకటిలో పదీ పదిహేను నత్తలు. కొన్నిటికి గుల్ల ఉంది, కొన్ని ఒట్టి జిగురు ముద్దలు. ఒకటి కొమ్ములు చాచి మీ వైపే తిరుగుతుంది, వెలుతురు తగలగానే ముడుచుకుంటుంది. రాత్రంతా తిరిగి పండుకి గుండ్రటి గుంట తొలిచి, తెల్లారేసరికి చల్లటి చోటు వెతుక్కుని ఇక్కడ చేరాయి. అవి నడిచిన దారి షీటు మీద ఎండిన గంజిలా మెరుస్తోంది. చేతికి కవరు తొడుక్కుని, అన్నిటినీ ఏరి ఉప్పునీళ్ళ డబ్బాలో పడేస్తుంది. మొక్కల దగ్గర ఉప్పు చల్లదు. నత్త చావడం సంగతి అలా ఉంచి, ముందు మొక్క చస్తుంది.

పొద్దు పొడుస్తోంది. మూడో మడిలో ఒక ఆకు జల్లెడలా ఉంది. పచ్చదనమంతా గీకేసి ఈనెలు మాత్రం మిగిల్చారెవరో. తిప్పితే అడుగున గుంపుగా చిన్న చిన్న లద్దె పురుగులు, వాటి పక్కన గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల సముదాయం ఖాళీ డిప్ప. పొగాకు లద్దె పురుగు. ఇవాళ ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు ఒకేసారి పోతాయి. నాలుగు రోజులు ఆగితే చెల్లాచెదురై, పగలు మట్టిలో దాక్కుని రాత్రి పండ్లు తొలుస్తాయి. అప్పుడు ఏరడం ఎవరి వల్లా కాదు. పొలం మూల కర్రకి లింగాకర్షక బుట్ట వేలాడుతోంది. రెక్కల పురుగులు అందులో ఎక్కువగా పడ్డ వారం ఆమె ఆకులు మరింత జాగ్రత్తగా తిప్పుతుంది.

ఇప్పుడొక పువ్వు కింద మీ అరచెయ్యి పెట్టి వేలితో తట్టండి. అయిదు తెల్ల రెక్కలు, నడుమ పచ్చటి బొడిపె. అరచేతిలో రెండు సన్నటి గీతలు రాలి, గబగబా పాకుతాయి. తామర పురుగులు. పూతలోనే గోకుతాయి కాబట్టి పండు మెరుపు లేక ఇత్తడి రంగు తిరుగుతుంది, గింజలు పొడుచుకొస్తాయి. వాటి కోసమే మడి చివర నీలం జిగురు అట్టలు కట్టింది. ఎక్కువైతే వేపనూనె, లీటరుకి అయిదు మిల్లీలీటర్లు, ఆకు అడుగు తడిసేలా, అదీ పొద్దు వాలాక. పొద్దున తేనెటీగలు పూల మీదుంటాయి. అవి రాకపోతే పండు వంకరటింకరగా కాస్తుంది. ఆ వంకర కూడా పురుగు పనే అనుకుని మందు కొట్టేవాళ్ళుంటారు. నాకు బాధ కలిగేది అక్కడే.

నిజానికి కాపలా మొదలయ్యేది నాటే రోజున. స్ట్రాబెర్రీని గింజ నుంచి పెంచరు. తల్లి మొక్క పాకించిన తీగకి వేళ్ళూనిన పిల్లని తెచ్చి నాటుతారు. మహాబలేశ్వరం వైపు నుంచి పెట్టెల్లో వచ్చే ఆ పిల్లల ఆకుల అడుగునే నల్లి కూడా ప్రయాణం చేస్తుంది. అందుకే దింపగానే ముదురాకులు గిల్లేసి, మచ్చలున్నవి పక్కన పెట్టేసి, అడుగు అడుగు ఎడంగా, మొవ్వు మట్టిలో కూరుకుపోకుండా నాటాలి. ఎడం లేకపోతే గాలి ఆడదు, తడి ఆరదు, బూజు తెగులు దిగుతుంది.

ఆ బూజు ఇదిగో. పండు మీద బూడిదరంగు నూగు. పక్క పండు దీనికి ఆనుకుని ఉంది, దాని బుగ్గ కూడా మెత్తబడుతోంది. ఆమె రెండిటినీ తీసి వేరే సంచిలో వేస్తుంది. "ఇది గట్టు మీద పారెయ్యకూడదు బాబూ. దూరంగా తీసుకెళ్ళి కప్పెట్టాలి." ఆ సంచీ మూతి ముడేసి గానీ మళ్ళీ మంచి పండు ముట్టుకోదు.

హైదరాబాదులోనో విశాఖలోనో మిద్దె తోటలో నాలుగు కుండీలు పెట్టుకున్న మీకూ ఇదే వరస. మిద్దె మీద వేడి, దుమ్ము నల్లికి పండగ. పొద్దున్నే ఆకు కింద నుంచి మామూలు నీళ్ళు జోరుగా చిమ్మితే సగం నల్లి రాలిపోతుంది. ఎండెక్కేలోగా ఆకులు ఆరిపోవాలి. అక్షింతల పురుగు ఒకటి వచ్చి వాలితే పొమ్మనకండి. పేనుబంకని అది తిన్నట్టు ఎవరూ తినలేరు.

ఏడున్నర. మంచు విడిచిపోయి కొండ అంచు బయటపడింది. ముప్పాతిక ఎరుపు తిరిగిన పండ్లని తొడిమతో సహా తుంచి చిన్న డబ్బాల్లో ఒకే వరసగా పేరుస్తుంది. ఒక పండు మీ చేతిలో పెడుతుంది. చల్లగా ఉంది. కొరికితే ముందు పులుపు, తరవాత తీపి, పళ్ళ మధ్య గింజలు చిటుక్కుమంటాయి.

రోడ్డు మీద కార్ల హారన్లు. డబ్బాలు కొనేవాళ్ళు వచ్చేశారు. ఆమె లేచి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, గోనెపట్టాని చెంబుడు నీళ్ళతో తడిపి నాలుగో మడి పక్కన పరుస్తుంది.